పంతొమ్మిదో నంబరు

వాన వెలిసి నాలుగో రోజు.
అబూ షగారాలో మా వీధి ఇంకా వీధి కాలేదు.
కార్లు అద్దాల దాకా మునిగి
మధ్యాహ్నపు గేదెల్లా కదలకుండా ఉన్నాయి.
బడి మళ్ళీ తెరలోకి ఎక్కింది.
మూడో తరగతి బి, ముప్పై ఒక్క గళ్ళు.
సగం గళ్ళలో ఫ్యాను తిరుగుతోంది,
ఒకదాంట్లో ఎవరి తాతయ్యదో చెవి.

ప్రశ్న నేను తయారుచేసింది కాదు,
పాఠంతోపాటే వచ్చింది:
మీ ఇంటికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి?
చర్చించండి. ఇద్దరు స్నేహితులకి మర్యాదగా బదులివ్వండి.
కిటికీ కింద అన్ని నీళ్ళు పెట్టుకుని
ఈ మాట అడగడానికి నాకే నవ్వొచ్చింది.
మోటారు గది మునిగి
కుళాయి గాలి మాత్రమే దగ్గుతోంది.

సాయంత్రం ఏడింటికల్లా జవాబులు మొదలు.
"సముద్రపు నీటిలో ఉప్పు తీసేసి" అని పన్నెండు మంది.
ఒకే వాక్యం, ఒకే అక్షరం తప్పు.
ఆ తప్పు ఏ తల్లి వేలిదో కూడా నాకు తెలుసు,
అందరికన్నా ముందు పంపేది ఆవిడే.
ఐరిన్ పైపు బొమ్మ గీసి నీలం దిద్దింది.
హంజా "మేఘాలు" అని రాసి
పక్కన కోపంగా ఉన్న మొహం పెట్టాడు.

గడువు దాటాక, అర్ధరాత్రి పన్నెండూ ఇరవైకి
పంతొమ్మిదో నంబరు, హర్షిల్ లింబాద్రి.
ఇక్కడి రిజిస్టరులో పిల్లాడి పేరు వెంటే
తండ్రి పేరు నడుస్తుంది.
ఆ ఇంట్లో ఫోను ఒక్కటే,
పగలంతా తండ్రి జేబులో ఊరు తిరుగుతుంది.
"ఆలస్యం" అని ఎర్రగా దానంతటదే పడింది.
కింద ఒక్కటే వాక్యం:
"మా ఇంటికి నీళ్ళు మా నాన్న భుజం మీంచి వస్తాయి."

పొద్దున్నే ఐరిన్: "తప్పు. సముద్రం. పాఠంలో ఉంది."
ద్యుతి: "మీ నాన్న సముద్రమా?" నవ్వే మొహాలు మూడు.
మర్యాదగా, అని నేను గుర్తుచేసేలోపే
హంజా: "ఆగండి. పచ్చ చొక్కానా? గడ్డం కింద మచ్చ?"
హర్షిల్ పలకలేదు.
ఫోను పనికి వెళ్ళిపోయింది.
"మా బిల్డింగుకీ వచ్చాడు. ఆరో అంతస్తు. లిఫ్టు లేదు."
"మా నానమ్మ తలుపు సందులోంచి చూసింది,
మెట్ల మీద రెండుసార్లు కూర్చున్నాడట."
"మేం రెండు క్యాన్లు అడిగితే ఒకటే ఇచ్చాడు.
పైన పసిపాప ఉందన్నాడు."
చాలాసేపటికి ఐరిన్:
"ఒక క్యాను ఎంత బరువు?"
ద్యుతి వాళ్ళన్న తూకం మిషను మీద పెట్టి చూశాడట,
పంతొమ్మిది కిలోలు.
"నాకు పాల డబ్బా మోస్తేనే చెయ్యి లాగుతుంది," అంది ఐరిన్.
తప్పు అన్న మాట తీసెయ్యడం ఎలాగో
దానికింకా తెలీదు.

నా దగ్గరి జవాబు పత్రంలో
ఒకే గడి: సముద్రం. ఒక మార్కు.
నేను ఒంగోలు పిల్లని,
కుళాయి వచ్చే రోజు మొదటి పీరియడు ఎగ్గొట్టినదాన్ని.
బిందె అంచు ఒరుసుకున్న మచ్చ
నడుం మీద ఇప్పటికీ ఉంది.
బి.ఎడ్‌లో దాని గురించి ఎవరూ అడగలేదు.

ఆ ఎర్ర మాట చెరపబోతే
కారణం అడిగింది యంత్రం.
అనారోగ్యం, ప్రయాణం, ఇతరం.
ఇతరం నొక్కాను.
ఖాళీ పెట్టి వివరించమంది.
కాసేపు చూసి
"నీళ్ళు" అని రాశాను. ఒప్పుకుంది.

ఐరిన్ విడిగా అడిగింది నన్ను:
"మిస్, నోట్‌బుక్కులో ఏది రాసుకోవాలి?"
రేపు చెబుతానన్నాను.

రాత్రి ఖాళీ క్యాను తలుపు బయట పెట్టబోయి
మళ్ళీ లోపలికి తెచ్చాను.
మిగిలిన చెంబెడు నీళ్ళలో కొన్నిటితో గుడ్డ తడిపి
మెడ చుట్టూ, చెయ్యి ఆనే చోట,
ఎప్పటిదో బురద తుడిచాను.